అప్పలసూరి వాలు అక్షరం

అప్పలసూరి పేరు రాసిన బోటు, ఆ రాత వాలినట్టే వాలిపోతుందని మా పేటలో ఒక మాట నడుస్తోంది. పేటతో ఆగినా బాగుండేది. మొన్న భోగాపురం సంతలో పచ్చిమిరపకాయలు బేరమాడుతుంటే, పక్క ఊరి మనిషెవరో ఈ మాట తెచ్చి నాకే చెప్పింది. ముగ్గురు పోయారని కూడా కలిపింది. పోయినవాళ్ళు ఎవరూ లేరు. పోయినవి వలలు. ఒకరికి భుజం జారింది, అది మా అబ్బాయి ధర్మేంద్ర భుజం, ఇప్పుడు బాగానే ఉంది. ఈ మాటను సరిచేయాలి. నేనే ఎందుకు చేయాలంటే, ఇందులో సగం నా నోటి నుంచి వెళ్ళింది.

అప్పలసూరి మా ఒడ్డువాడు కాదు. గరివిడి దగ్గర పల్లె. వాళ్ళ నాన్న కాస్త వరి, కాస్త నువ్వులు పండించుకునే మనిషి. సూరి పొలంలోకి దిగకుండా లారీ బాడీలు కట్టే షెడ్డులో కుంచె పట్టాడు. లారీ పక్కల మీద కంపెనీ పేర్లు, ముందు అద్దం పైన దేవుళ్ళ పేర్లు, వెనక హారన్ కొట్టమని రాయడం ఇరవై ఏళ్ళు చేశాడు. ఆ తరువాత లారీలకు స్టిక్కర్లు వచ్చి పని పలచబడింది. పన్నెండేళ్ళ కిందట ఏప్రిల్లో సైకిలు వెనక రేకు పెట్టె కట్టుకుని మా ఒడ్డున దిగాడు.

ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా సముద్రంలో వేట ఉండదు, ప్రభుత్వం ఆపేస్తుంది. ఆ రెండు నెలలూ బోట్లను ఇసక మీదికి లాగి, పగుళ్ళకు పూత వేసి, రంగు కొట్టి, పేరు కొత్తగా రాయించుకుంటాం. ఉప్పు నీళ్ళు ఏ పేరునీ ఏడాదికి మించి బతకనివ్వవు. ఏటా ఆ రెండు నెలలూ సూరి మా పక్కింటి నీలవేణి వీధరుగు గదిలో ఉంటాడు. మిగతా పది నెలలు ఎక్కడో ఒక గోడ, ఎవరిదో ఒక ట్రాక్టరు. అతని సంసారం నడిచేది మాత్రం మా ఇసక మీద చేసే పనితోనే.

అతను రాసేది ఒకటే అక్షరం. దూలమంత లావు. మొదట ఎంత లావో చివరా అంతే. సన్నబడటం లేదు, కొస తిప్పటం లేదు, నీడ లేదు, మెరుపు లేదు. అన్నీ కుడి పక్కకు ఒకే తీరుగా వాలి ఉంటాయి, ఎదురుగాలిలో నడిచే మనిషి ముందుకు వంగినట్టు. తలకట్టు పెట్టినా రెండు దెబ్బల్లో తేల్చేస్తాడు. అతనికి ముందు మా ఒడ్డున రాసినవాళ్ళు ప్రతి అక్షరానికీ తోక పెట్టేవారు, అమ్మవారి పేరు పక్కన తామరపువ్వు వేసేవారు. నీలవేణి మొదటి ఏడాదే అడిగింది.

"ఏటి సూరీ, పక్కన ఒక పువ్వయినా ఎయ్యొచ్చు కదా. బోసి మెడలాగ ఉన్నాది."

"సముద్రంలో పువ్వు ఎవులు సూస్తారక్కా," అన్నాడు. ఆ ఏడాదికి అతను ఆడిన పెద్ద మాట అదే.

మాట్లాడని మనిషంటే నాకు మొదటి నుంచీ అనుమానం. దానికి తోడు అతని పని తీరు. రాసే ముందు బోటు చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. ఒక కన్ను మూస్తాడు. వెనక్కి వెనక్కి నడుస్తూ, మడమలకు నీళ్ళు తగిలేదాకా వెళ్ళి, అక్కడి నుంచి చూస్తాడు. సుద్ద పూసిన దారం పట్టుకుని కొలుస్తాడు. కొలుస్తూ పెదవులు కదుపుతాడు. దారం, తెల్లపొడి, కదిలే పెదవులు, ఈ మూడూ ఒకచోట చేరితే మా పేటలో ఎవరో ఒకరు చిల్లంగి, అంటే చేతబడి, అని గొణుగుతారు. నేను గొణగలేదు. వల బాగుచేసుకుంటున్నట్టు అతని వెనకాల కూర్చుని విన్నాను. "నాలుగు, ఒకటిన్నర, నాలుగు" అంటున్నాడు. అది మంత్రమో కొలతో నాకు తెలియలేదు. తెలియలేదని ఊరుకున్నానా అంటే, లేదు, ఇద్దరికి చెప్పాను.

ఇదంతా పాత సంగతి. అసలు గొడవ పోయిన డిసెంబరులో వచ్చింది.

ఒక తుఫాను మా మీదికే వస్తానని నాలుగు రోజులు బెదిరించి ఒడిశా వైపు పోయింది. అది పోయిన మూడో రోజున, గాలి తగ్గిందని మా ఒడ్డు నుంచి ఐదు బోట్లు వేటకు వెళ్ళాయి. పొద్దున్న ఎనిమిదింటికి తిరిగొస్తూ, అలలు విరిగే చోట మూడు బోట్లు ఒకదాని వెనక ఒకటి తిరగబడ్డాయి. ఆడవాళ్ళం తట్టలు పట్టుకుని ఒడ్డునే ఉన్నాం. నీళ్ళలో తలకాయలు కనిపిస్తున్నాయి. ఎవరి తల ఎవరిదో తెలియదు, చొక్కా రంగు తెలియదు. ఒక బోటు పక్కకు ఒరిగి, ఎడమ పక్క పైకి తేలింది. దాని మీద పేరు అంత దూరం నుంచి చదివాను. "నూకాలమ్మ". మా ధర్మేంద్ర బోటు.

ఆ అక్షరం అంత లావుగా లేకపోతే నాకు అప్పుడే తెలిసేది కాదు. ఇంకో అరగంట, మనవాడు కాదేమో అనుకుంటూ నిలబడి ఉండేదాన్ని. అందుకు ఆ అక్షరం మీద కోపం వచ్చింది. ఇంకోటి కూడా చూశాను. ఆ అక్షరాలు బోటు ముక్కు వైపుకు కాక, వెనక్కి వాలి ఉన్నాయి. ముక్కు ఒడ్డు వైపుకు ఉంది, పేరు మాత్రం సముద్రం వైపుకు ఒరిగింది, ఎవరో జుట్టు పట్టుకుని లోపలికి లాగుతున్నట్టు.

మిగతా రెండు బోట్లవాళ్ళు తాళ్ళు విసిరి అందరినీ లాగారు. అందరూ ఒడ్డుకు చేరారు. సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టి, నలుగురూ వినేటట్టు అన్నాను.

"నా కొడుకు బోటు మీద పేరు ఎనక్కి లాగతన్నాది. నా కళ్ళతో నాను సూసినాను."

"ఓలమ్మా, పేరెక్కడైనా లాగతాదేటి పెద్దమ్మా?" అని నీలవేణి నవ్వింది.

"నవ్వు. నీ ఇంట్లో ఉండీవోడే కదా రాసినాడు."

ఆమె నవ్వు ఆపేసింది. ఇంకెవరూ నవ్వలేదు.

అన్న మాటకు సాక్ష్యం కావాలి కదా. మర్నాటి నుంచి నేను బోట్లు చూడడం మొదలుపెట్టాను. పొద్దున్న ఎండుచేపలు తిరగేసి వచ్చి, ఒక్కో బోటు చుట్టూ తిరిగేదాన్ని. మా ఒడ్డున పద్నాలుగు బోట్లు. అన్నింటికీ కుడి పక్క రాసిన పేరు ముక్కు వైపుకు వాలి ఉంది, బోటుతో పాటు తానూ పోతానన్నట్టు. ఎడమ పక్క రాసిన పేరు వెనక్కి వాలి ఉంది. పదమూడు బోట్లకు ఇదే తీరు. పద్నాలుగోది కొండబాబుది, పోయిన ఏడాది కొన్న కొత్త బోటు, నీలం రంగు, "గంగాభవాని". దానికి మాత్రం రెండు పక్కలా పేరు ముక్కు వైపుకే వాలి ఉంది. నేను మూడుసార్లు చుట్టూ తిరిగి చూశాను. అటు ముందుకే, ఇటూ ముందుకే.

కొండబాబుకీ మా వాడికీ ఆ మధ్య మాటా మాటా వచ్చింది, వల మీద వల వేశాడని. కొండబాబు బోటు తిరగబడలేదు. పైగా జనవరిలో కొండబాబు గుజరాత్ వెళ్ళి వేరావల్లో పెద్ద బోటు ఎక్కేశాడు. వాళ్ళు సముద్రంలోకి వెళ్తే నెలకోసారి కూడా ఫోను పలకదు. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు నాలో దాచుకున్నానా అంటే, అదీ లేదు. కొండబాబు సూరికి చెప్పి తనది ముందుకు, అందరివీ వెనక్కి రాయించాడని సంక్రాంతి దాటేలోగా పేటంతా తెలిసిపోయింది. నేను అన్నది అంత కాదు. "ఆ ఒక్క బోటుకే అలా ఎందుకు రాసినాడో" అని మాత్రమే అన్నాను. మిగతాది ఇంటింటికీ పెరిగింది.

ఏప్రిల్లో సూరి ఎప్పటిలాగే సైకిలు మీద వచ్చాడు. పెట్టె ఇంకా దించలేదు, మా పేట పెద్ద గంగులు ఎదురెళ్ళి నిలబడ్డాడు.

"సూరీ, ఈ ఏడు కుంచె ముట్టుకోకు."

"ఏటయినాది బావూ?"

"ఏటీ అవలేదు. పెద్దలం మాటాడుకున్నాం. ఈ ఏడు స్టిక్కర్లు అంటించుకుంటాం."

మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. పెద్దలు కూర్చున్న చోట బయటి ఊరివాడు తనంతట తాను నోరు తెరవకూడదు. వాళ్ళు అడిగితేనే చెప్పాలి. పెద్దల మాట అయిపోయాక, ఇల్లిల్లూ తిరిగి తన గోడు చెప్పుకోకూడదు. సూరికి పన్నెండేళ్ళుగా ఈ పద్ధతి తెలుసు. తల ఊపి పెట్టె గదిలో పెట్టుకున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

వారం తిరగకుండా, ఏటా అతనితోనే రాయించుకునే పక్క రెండు ఒడ్లవాళ్ళు కూడా అతనికి కబురు పెట్టారు, ఈ ఏడు రావద్దని. మా పేట మాట వాళ్ళకు చేరిపోయింది. యాభై దాటిన మనిషి, ఇంకో పని రాదు. రెండు నెలల పనీ పోతే ఏడాదంతా పోయినట్టే. ఆ పేరుతో ఇక ఏ ఒడ్డూ అతన్ని రానివ్వదు. అయినా అతను ఊరికి వెళ్ళిపోలేదు. రోజూ పొద్దున్న లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ళ అంచున నిలబడి బోట్లను చూసేవాడు. మాపటికి గదిలోకి పోయేవాడు. తప్పు లేనివాడైతే వెళ్ళిపోవాలి కదా, ఇంకా ఎందుకున్నాడు? నాకు అదో అనుమానం. వెళ్ళిపోయి ఉంటే, తప్పు చేశాడు కాబట్టే పారిపోయాడని అనేదాన్నేమో. ఇప్పుడు తెలుస్తోంది.

తొమ్మిదో రోజున సూరి స్నానానికి వెళ్ళిన అదను చూసి, గ్లాసుడు మజ్జిగ పట్టుకుని అతని గదికి వెళ్ళాను. గ్లాసు గూట్లో పెట్టాను. పెట్టెకు తాళం లేదు. తాళం లేని పెట్టె ముందు నేను ఎంతసేపు నిలబడగలను? తీశాను. నూనె గుడ్డలో చుట్టిన కుంచెలు, వెంట్రుకల కొసలు కత్తిరించి చదునుగా చేసినవి. సుద్ద గడ్డ. దారపు ఉండ. రంగు డబ్బాలు. అడుగున, ఒక పక్క ఏటవాలుగా కోసిన జానెడు చెక్క. దాన్ని నేల మీద ఆనించి సుద్దతో గీత గీస్తే, గీత కుడికి వాలింది. తిరగేసి ఆనిస్తే ఎడమకు వాలింది. ఒక ముఖం అరిగి నున్నబడి, అన్ని రంగులూ పట్టి ఉంది. రెండో ముఖం కొత్త చెక్కలా ఉంది. దాని మీద ఒకే ఒక్క మరక, నీలం. కొండబాబు బోటు నీలం.

దొరికాడు అనుకున్నాను. చేయి జారి అలా వాలిందని ఇక అనడానికి లేదు. కావాలని చెక్క తిప్పాడు, ఒక్క బోటుకే తిప్పాడు.

"ఏటి పెద్దమ్మా, పెట్టెలో మజ్జిగ పోస్తన్నావేటి?"

నీలవేణి గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"గ్లాసెట్టడానికి సోటు సూస్తన్నాను."

"గ్లాసు గూట్లో ఉన్నాది. సెక్క నీ సేతిలో ఉన్నాది."

చెక్క పెట్టెలో పెట్టి వచ్చేశాను. నీలం మరక సంగతి మాత్రం ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండలేను కదా.

రెండు రోజులకు స్టిక్కరు కోసం ధర్మేంద్ర బండి మీద భోగాపురం వెళ్ళాను. వాడు వద్దన్నాడు. వెళ్ళాను. స్టిక్కర్ల షాపులో కంప్యూటరు ముందు శ్రావణి అనే పిల్ల కూర్చుంది. డిగ్రీ చదువుతూ సెలవుల్లో పని చేస్తోందట.

"ఏ అక్షరం కావాలి మామ్మా?"

"ఎన్ని రకాలు ఉన్నాయేటి?"

వరసగా చూపించింది. తోకలున్నది చూస్తే పెళ్ళి శుభలేఖలా ఉంది. సన్నగా ఉన్నది డాక్టరు మందుల చీటీలా ఉంది. గుండ్రంగా ఉన్నది ఒకటో తరగతి పలకలా ఉంది. మావాడు అవేవీ చూడనైనా లేదు.

"లావుగా ఎయ్యి. వాలుగా ఎయ్యి," అన్నాడు.

శ్రావణి నవ్వింది. "మగోలందరూ అదే అడగతారు మామ్మా. బోల్డు నొక్కు, ఇటాలిక్కు నొక్కు అంటారు. బోటుకీ అదే, లారీకీ అదే. కబడ్డీ ఆటగాల్ల సొక్కాలకీ, కోచింగ్ సెంటర్లకీ, జిమ్ములకీ, సెల్‌ఫోన్ షాపులకీ అన్నింటికీ అదే. పరిగెట్టీ పనైతే ఈ అక్షరం ఉండాల్సిందే."

"గుడికి?"

"గుడికెయ్యం. గుడి నిలబడే ఉంటాది కదా."

"మరి సచ్చిపోయినోలకి ఫోటో ఎట్టి ఫ్లెక్సీ కడతారు కదా, దానికి?"

"సచ్చిపోయినోడికి తొందరేటి మామ్మా?"

నాకు ఆ పిల్ల నచ్చింది. అయినా నా పని నేను మరిచిపోలేదు. ఒక పేరు కుడికి, ఒక పేరు ఎడమకు వాల్చమన్నాను.

"ఎడమకి వాలదు మామ్మా. ఈ మీట నొక్కితే కుడికే వాలతాది. ఎడమకంటే ఒక్కో అక్షరం పట్టుకుని లాక్కోవాలి. సదవడానికి కూడా ఎబ్బెట్టుగా ఉంటాది, మనిషి ఎనక్కి పడిపోతన్నట్టు."

ఆమె కొట్టిచ్చిన స్టిక్కర్లు రెండూ ఒకేలా కుడికి వాలి ఉన్నాయి. నేను ఒకదాన్ని గోడకు ఆనించి, గోడను బోటు ఎడమ పక్క అనుకుని చూశాను. పేరు మొదలయ్యేది ముక్కు దగ్గర, వాలేది వెనక్కి. ధర్మేంద్ర కూడా చూశాడు.

"అమ్మా, మరి సూరి రాసిందీ ఇదీ ఒకటే కదేటే. దీనికోసం ఇంత దూరం తెచ్చినావు."

"నానేటి తెచ్చినాను, పెద్దలు సెప్పినారు."

"పెద్దలకి ఎవులు సెప్పినారో?"

నేను మాట మార్చి, బండి హైవే పక్కన చెట్టు నీడలో ఆపమన్నాను. అక్కడ కూర్చుని లారీలూ బస్సులూ చూశాను. మా పక్కగా పోయే వాటి ఎడమ పక్క నాకు కనిపిస్తుంది. వాలు అక్షరం ఉన్న ప్రతిదానికీ పేరు వెనక్కి వాలి ఉంది. అవతలి దారిలో ఎదురు వచ్చేవాటి కుడి పక్క కనిపిస్తుంది. వాటికి పేరు ముందుకు వాలి ఉంది. పార్శిల్ లారీలు, కాలేజీ బస్సులు, పాల వ్యాన్లు, విమానాశ్రయం పనులకు పోయే టిప్పర్లు, అన్నింటికీ అంతే. గంటసేపు కూర్చున్నాను. వెనక్కి వాలిన పేరుతో ఒక్కటీ తిరగబడలేదు. ధర్మేంద్ర రెండుసార్లు టీ తాగి వచ్చాడు.

"ఇంకా ఏటి సూస్తావమ్మా? లారీలన్నీ అయిపోనీయాలేటి?"

అక్కడ కూర్చునే నాకు ఇంకోటి తట్టింది. ఆ రోజు వేటకు వెళ్ళినవి ఐదు బోట్లు. తిరగబడినవి మూడు. మా వాళ్ళను కాపాడిన మిగతా రెండు బోట్ల మీద కూడా ఎడమ పక్క పేరు వెనక్కే వాలి ఉంది. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేను కూడా తీసుకోలేదు.

ఇంటికి రాగానే నీలవేణిని పట్టుకున్నాను.

"ఒసే, ఆ దినం ఎల్లిన ఐదింట్లో కొండబాబు బోటు లేదు కదా, మరెక్కడున్నాదే?"

"ఎక్కడికెల్తాది పెద్దమ్మా? దాని ఇంజను ఇప్పీసి బాగుసెయ్యడానికి శ్రీకాకుళం పంపినారు కదేటి. బోటు ఇసక మీదే ఉన్నాది. కోళ్ళు ఎక్కి కూకున్నాయి, నానే తోలినాను."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?"

"నువ్వడిగితే కదా. నువ్వు సెప్తన్నావు, మేం ఇంటన్నాం."

మునగని బోటు అసలు నీళ్ళలోనే లేదు. దాన్ని పట్టుకుని నాలుగు నెలలు కథ అల్లాను. తుఫాను తరువాత నీటి అడుగున ఇసక దిబ్బ జరిగిందని, అలలు అంతకు ముందు లేని చోట విరిగాయని ధర్మేంద్ర మొదటి రోజే చెప్పాడు. భుజం నొప్పితో మూలుగుతున్న మాటల్లే అని నేను పట్టించుకోలేదు.

అనుమానం సగం పోయింది. సగం అలాగే ఉంది. ఆ చెక్క ఎందుకు తిప్పాడు? ఆ నీలం మరక ఏమిటి? పేటకు జవాబు లేకుండా ఈ మాట చావదు. జవాబు చెప్పగలిగిన మనిషి మా గోడకు ఆనుకున్న గదిలో పదకొండు రోజులుగా కూర్చుని ఉన్నాడు. నేను నీలవేణిని అడిగాను, శ్రావణిని అడిగాను, లారీలను అడిగాను. అతన్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని నాకు నేనే చెప్పుకున్నాను. పన్నెండేళ్ళలో అతను నాకు చెప్పిన అబద్ధం ఒకటైనా గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్న పెద్దలు వలల షెడ్డులో కూర్చున్నారు, స్టిక్కర్ల సంగతి తేల్చడానికి. ఆడవాళ్ళం అక్కడ కూర్చోం. నేను స్తంభం దగ్గర నిలబడ్డాను. నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచే గంగులు చూశాడు.

"ఏటి లక్ష్మణమ్మప్పా, ఇలాగొచ్చినావు? ఇక్కడ సేపల్లేవు."

"సేపలకి రాలేదురా. నా మాట నాను ఎనక్కి తీసుకోడానికి వచ్చినాను."

అందరూ తల తిప్పారు. కుళాయి దగ్గర అన్నది చెప్పాను. లారీల సంగతి చెప్పాను. మిగిలిన రెండు బోట్ల సంగతి, కొండబాబు బోటు ఇంజను సంగతి, చివరికి పెట్టె తీసిన సంగతి కూడా చెప్పాను. పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు నవ్వారు. గంగులు నవ్వలేదు.

"అదంతా సరేనప్పా. మరి కొండబాబు బోటుకి ఆ పక్క అలా ఎందుకు రాసినాడు? అది సెప్పు."

"అది నాకు తెలీదు."

"తెలీకపోతే ఎలా? మూడు బోట్లోలు నా ఇంటికొచ్చి కూకున్నారు. ఆలకేటి సెప్పమంటావు?"

"నన్నడగతావేటి? ఆడినే పిలిచి అడుగుదుం."

"బయటూరోడు ఇక్కడ మాటాడకూడదు కదా," అని వెనక నుంచి నూకయ్య అన్నాడు. తిరగబడిన మూడు బోట్లలో ఒకటి అతనిది.

"తనంతట తాను మాటాడకూడదన్నారు. అడిగితే సెప్పొచ్చు. పన్నెండు రోజులనుంచి కూకున్నాడు, మీలో ఒక్కడైనా అడిగినాడేటిరా? నాను అడగలేదు, మీరూ అడగలేదు."

గంగులు తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"సరే, పిలవండి. నువ్వే అడుగు అప్పా, మొదలెట్టింది నువ్వే. సెప్పింది మాకు సరిపోతే, రేపొద్దున్నే కుంచె పట్టుకుంటాడు. పక్క ఒడ్లకి కూడా నానే కబురెడతాను. సరిపోకపోతే సాయంత్రం బస్సుకి గరివిడి ఎల్లిపోవాలి, మళ్ళీ ఈ ఇసక తొక్కకూడదు."

సూరి వచ్చాడు. చెప్పులు బయట వదిలి, షెడ్డు అంచున నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇద్దరం ఒకే ఎత్తులో నిలబడి ఉన్నాం. ఊరు చుట్టి రావడానికి ఓపిక లేక, ఉన్నదున్నట్టు అడిగాను.

"సూరీ, పదమూడు బోట్లకి ఎడం పక్క పేరు ఎనక్కి వాల్చినావు. కొండబాబు బోటుకి మాత్రం ముందుకి వాల్చినావు. ఎందుకురా?"

అతను నా వైపే చూశాడు. పెద్దల వైపు చూడలేదు.

"కొండబాబు మావకి సదువు రాదు కదా పెద్దమ్మా. మీరందరూ నాను రాసీగానే పేరు సదువుకుని, బాగున్నాదని ఎలిపోయినారు. ఆయన సదవలేక బొమ్మని సూసినట్టు సూసినాడు. ఆ పక్కకొచ్చి సూసినాడు, ఈ పక్కకొచ్చి సూసినాడు. 'ఒరే సూరీ, అటు సూస్తే నా బోటు ముందుకెల్తన్నాది, ఇటు సూస్తే ఎనక్కొచ్చేస్తన్నాదేటిరా' అన్నాడు. ఇరవై ఏళ్ళు లారీలకి రాసినాను, నాకే తట్టలేదు. సిగ్గేసినాది. నీలం పూసి సెరిపీసి, సెక్క తిప్పి మళ్ళీ రాసినాను. మిగతా బోట్లకి కూడా ఈ ఏడు అలాగే రాద్దావని వచ్చినాను. కాని సదువుకున్నోలకి అలా రాస్తే ఎబ్బెట్టుగా ఉంటాది, తప్పు రాసినావని తిడతారు. అందుకే ముందు అడిగి రాద్దావనుకున్నాను. రోజూ నీళ్ళ దగ్గిర నిలబడి ఎవులైనా పలకరిస్తారేమోనని సూసినాను. ఇప్పుడు నువ్వు పలకరించినావు కాబట్టి అడగతన్నాను: ధర్మేంద్ర బోటుకి ఆ పక్క ఎటు వాల్చమంటావు?"